మక్తల్ల నా పాతర

రాత్రి రెండుంబావుకు
అచ్చంపేట బస్టాండు ఎనక, షట్టరు దించిన నా స్టూడియోల
కంప్యూటరు తనంతట తాను లేస్తది.
నేను ఇంట్ల గురక పెడుతుంట.
నిన్నటివి నిన్ననే పోయినయి, వాటి జోలికి పోదు.
ఇయ్యాల తీసిన ముఖాలు,
ఇయ్యాల నేను మచ్చలు తుడిచిన బుగ్గలు,
గవ్వే మూట గడుతది.

గడప దాటకముందే మూటకు తాళం పడాలె.
పెండ్లిపిల్లల నగలున్నయి, ఆధార్ నకళ్ళున్నయి.
తొవ్వల ఎవడన్న విప్పితే ఊక దొరకాలె,
నూక గూడ దొరకొద్దు.

ఏ తొవ్వన పోతదో నాకెరుక లేదు.
మక్తల్ల, ఇంతియాజ్ సెల్లు రిపేరు దుకాణంల
మెట్ల కింద దిగుతది.
"నీ పెండ్లిళ్ళన్నీ నా తాననే ఉన్నయి గదనే,
ఒక్క పిల్ల ముఖమన్న కానరాదు" అని నవ్వుతడు.
వాని ఉద్దెర పద్దులు నా బల్ల కింద.
ఎవడెంత బాకీనో నాకూ తెల్వది.
ముప్పై ఏండ్ల దోస్తానల
ఒకని గుట్టు ఒకడు గింత మంచిగ ఎన్నడు దాయలే.

ముందుగాల గిట్ల లేకుండె.
డిస్కు పక్కన ఇంకో డిస్కు పెట్టి, రెండున్నయని మురిసిన.
రెండూ ఒకటే బోర్డుకు.
రోహిణి కార్తెల పిడుగు వైరు పట్టుకుని వచ్చింది.
పదకొండేండ్లు.
కాలిన వాసన గూడ రాలే.
టిక్కు, టిక్కు అన్నది, అంతే.

తొమ్మిదో నాడు పదర నుంచి ఈదమ్మ వచ్చింది.
రేషన్ కార్డుకని దిగిన ఆయన ఫోటో
దినాలకు పెద్దగ చెయ్యమన్నది.
నేను చెప్పిన.
ఆమె తిట్టలే. కొంగుముడిల పైసలు మళ్ళ ముడేసుకుంట,
"మీ తాన ఉంటడు గదా అని
ఇంట్ల ఒక్కటి పెట్టుకోలే సారూ" అన్నది.

గా మాటతోని తవ్విన పాతర ఇది.
పోసుడే గానీ తోడుడు నా కంప్యూటరుకు రాదు.
రేపు దొంగ వచ్చి నా కుర్చీల కూసున్నా
మక్తల్ల ఒక్క గింజ తుడువలేడు.

తాళంచెవి ఏడు మాటలు.
ఒకదానికొకటి చుట్టరికం లేని మాటలు.
రాసిన కాగితం బ్యాంకు లాకరుల ఉన్నది,
ఇంకో నకలు మా శశిరేఖ నోట్ల ఉన్నది.
రెండూ పోతే ఇంతియాజ్ ఏం జేయలేడు,
మన్యంకొండ దేవుడు గూడ ఏం జేయలేడు.
గది యాదికొచ్చిన రాత్రి ఆమెను తట్టి లేపుత.
కండ్లు తెరవకనే చెప్తది.
నాలుగో మాట కాడ నన్ను తిడ్తది,
అయిదో మాట నుంచి మళ్ళ చెప్తది.

జొన్న పాతర మూత తీసినంక
మనిషి దిగకముందు దీపం దించేటోళ్ళు.
ఆరిపోతే లోపల గాలి చెడ్డట్టు.
నేనూ నెలకొక్క ఆదివారం దించుత.
నంబరు చూడకుండ ఒక్కటి ఎన్కకు పిలుస్త.

మొన్న పిలిస్తే
కండ్లు మూసుకున్న పిలగాడొకడు వచ్చిండు.
ఇస్కూలు ఐడీ కార్డుకు దిగిండు గావొచ్చు.
పనికిరాదని పక్కకు వెట్టి, తుడుపుడు మరిచిన.
నుదుటి మీద నూనె కారుతున్నది,
అంగీ గుండీ ఒకటి కిందికి తప్పింది.
రెప్పల మీది వెంట్రుకతో సహా వచ్చిండు.
నూటయాభై కిలోమీటర్లు పోయి, తాళంల పండుకుని,
నిద్ర చెడకుండ వచ్చిండు.
నేనొక్కన్ని కూసుని చాన సేపు చూసిన.
పేరు యాదికి రాలే.

ఈదమ్మ పెనిమిటి మక్తల్ల లేడు.
తవ్వకముందు పోయిన గింజలు పాతరకు తెల్వయి.

ఇప్పుడు ఎనిమిది ఫోటోలడిగితే తొమ్మిది కోస్త.
తొమ్మిదోదానికి పైసల్లేవు.
"ఇది ఎవ్వలకియ్యకు, ఇంట్ల పెట్టుకో" అంట.
కొందరు పర్సుల పెట్టుకుంటరు.
కొందరు గల్ల మీదనే మరిచి పోతరు.
అవి ఒక సిగరెట్టు డబ్బల ఏసి పెడుతున్న.
డబ్బ నిండొచ్చింది.